అత్త ఇంటి కింద సొరంగం

మడుగు సందులో ఇళ్ళన్నీ ఖాళీ అయిపోయాయి గానీ పోలేరమ్మ ఇల్లు మాత్రం కాలేదు. ఎందుకు కాలేదంటే పోలేరమ్మ కదల్లేదు కాబట్టి. ఆవిడను కదిలించడమంటే మాటలా? ఆవిడ నోటికి జడిసి పాలు పోసేవాడు కూడా ఆ ఇంటి పాలల్లో నీళ్ళు కలపడు. ఎదురింటివాళ్ళు గ్యాసు బండ, పరుపులు, పంజరంలో చిలకతో సహా ఆటో ఎక్కి వెళ్ళిపోతుంటే ఆవిడ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పోయిరండమ్మా, మీ ఇండ్లకు నేను కాపలా ఉంటాలే అని సాగనంపింది.

ఇదంతా సందు మొదట్లో నిలబడి చూస్తూ తల పట్టుకున్నవాడు మునిశేఖర్. పోలేరమ్మకు సొంత అన్న కొడుకు, ఆపైన అల్లుడు. ఆవిడ కూతురు కోమలిని చేసుకుని ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. అతనికొచ్చిన కష్టం లోకంలో ఏ అల్లుడికీ వచ్చి ఉండదు. ఆ సందు కింద రోడ్డు సొరంగం తవ్వుతున్నారు. ఆ సొరంగంలో అందరికంటే ముందు ఎక్స్‌కవేటర్ మీద కూర్చుని మన్ను తవ్వేది అతనే. ఇంకొద్ది రోజుల్లో అతని బకెట్ సరిగ్గా అత్త వంటింటి కిందికి చేరుతుంది. పైన అత్త పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. 

బస్టాండు దగ్గర బస్సెక్కినవాడు ఊరు దాటేసరికి సగం ప్రాణం పోతోందని, ఊరి కిందుగానే ఒక రోడ్డు వేయాలని పెద్దలు తలపెట్టారు. బాగానే ఉంది. తిరుపతి అనగానే అందరికీ కొండ, బండరాయి గుర్తొస్తాయి గానీ ఈ పక్క నేల అట్లాంటిది కాదు. తాతల నాడు ఇక్కడొక పెద్ద మడుగు ఉండేదట. అది పూడి, ఎండి, దాని మీద ఇళ్ళు లేచాయి. సందుకు పేరు మిగిలింది, కింద బంకమన్ను మిగిలింది. రాయిని తవ్వితే రాయి తన మానాన తాను నిలబడుతుంది. బంకమన్ను నిలబడినట్టే ఉంటుంది, కానీ ఊరుకోదు. కంటికి తెలియకుండా లోపలికి జరుగుతుంది. అది ఎంత జరిగితే పైన ఇళ్ళు అంత కుంగుతాయి. సొరంగం చూస్తే లారీలు పక్కపక్కనే పరిగెత్తేంత వెడల్పు. దాని కప్పుకూ ఇళ్ళ పునాదులకూ మధ్య మిగిలిన మన్ను ఒక కొబ్బరిచెట్టు ఎత్తు కూడా లేదు.

అందుకని ఆ పనికి ఒక వరస ఉంది. ముందు కప్పు మేర ఇనప పైపులను గొడుగు ఊచల్లాగా వరసగా మన్నులోకి దించుతారు. ఆ గొడుగు కింద, మొత్తం ఒక్కసారే కాకుండా, ఎడమ పక్క కొంత, కుడి పక్క కొంత, చివరికి నడుమ అని ముక్కలుగా తవ్వుతారు. అదీ ఒక విడతకు ఒక్క బారకు లోపలే. తవ్వీ తవ్వగానే గొట్టంతో కాంక్రీటు చిమ్మి మన్నును మూసేస్తారు. మళ్ళీ ఇంకొంచెం. మునిశేఖర్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు అతను చెప్పే మాట ఒకటే. జ్వరమొచ్చినోడు గంజి తాగినట్టు తవ్వల్లప్పా, ఆకలైనోడు సంగటి తిన్నట్టు కాదు అంటాడు.

సొరంగం తమ కిందుగా దాటే ఆ కొద్ది రోజులూ ఇళ్ళల్లో ఎవరూ ఉండకూడదని నియమం. ఇళ్ళు పడిపోతాయని కాదు, పడవనే నమ్మకం ఉంది. అయినా మనుషుల నెత్తి మీద నమ్మకాలు పెట్టుకోకూడదు కదా. మొదట కంపెనీవాళ్ళు రేణిగుంట దారిలో ఒక లాడ్జి మాట్లాడి, ఆ సంగతి ఎప్పుడు చెప్పారయ్యా అంటే, గంగమ్మ జాతరకు చాటింపు పడిన మర్నాడు చెప్పారు! చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట నిద్రచేయరు. ఆ మాటకు సందు సందంతా ఒక్కటై తిట్టింది. జాతర రోజుల్లో తిట్టడం తప్పు కాదు కాబట్టి తృప్తిగా తిట్టింది. పాపం ఇంజనీరు జయరావుది కోస్తా వైపు, ఆయనకేం తెలుస్తుంది? చెవులు ఎర్రబడేదాకా విని, ఊళ్ళోనే ఒక కల్యాణ మండపం కుదిర్చాడు. అప్పుడు జనం కదిలారు.

పోలేరమ్మకు కల్యాణ మండపమూ పట్టలేదు.

మునిశేఖర్‌ది పలమనేరు పక్కన పల్లె. తల్లి పోయేనాటికి వాడికి సరిగా నడక కూడా రాదు. నాయన పాల వ్యాను తోలేవాడు, బిడ్డను చూసుకునే తీరిక ఎక్కడిది? కర్మకు వచ్చిన పోలేరమ్మ, కర్మ ముగియగానే, అన్నను ఒక మాటైనా అడక్కుండా పిల్లవాణ్ణి చంకన వేసుకుని తిరుపతి బస్సెక్కేసింది. అప్పటినుంచి ముద్ద పెట్టినా, ముక్కు తుడిచినా, వీపు విమానం మోత మోగించినా ఆవిడే. కోమలి పుట్టాక కూడా ముందు వాడి కంచంలో వడ్డించి, ఆ తర్వాతే కూతురి కంచం వైపు చూసేది. ఆ సంగతి మీద కోమలి ఇప్పటికీ మొగుణ్ణి దెప్పుతూ ఉంటుంది. కాబట్టి మునిశేఖర్‌కు ఆవిడ ఊరికే పిల్లనిచ్చిన అత్త కాదు. అమ్మ అనే మాటకు అతనికి తెలిసిన ముఖం అదొక్కటే.

ఆ పొద్దున పనికి పోయే ముందు అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవిడ వేడివేడి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి ఎదురుగా కూర్చుంది. మండపంలో ఫ్యాన్లు ఉన్నాయన్నాడు. నాకు ఇంటి గాలి చాలు అంది. అన్నం వాళ్ళే పెడతారన్నాడు. ఆ అన్నం నువ్వే తిను అంది. నాలుగు దినాలే కదా అంటే, ఆ నాలుగు దినాలే కుదరదు, తర్వాత ఏడాదంతా రమ్మన్నా వస్తా అంది.

"యేల రావో అదన్నా సెప్పత్తా," అన్నాడతను.

"అది సెప్పేది కాదులే. నువ్వు తిను, సల్లారిపోతాది."

కోమలి వైపు చూశాడు. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. ఆమెకు తెలుసు. తెలుసని ఆమె ముఖమే చెబుతోంది. అడిగితే మాత్రం, మా అమ్మ ఒట్టేయించుకునింది బావా అని లోపలికి వెళ్ళిపోయింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. కంచం అట్లాగే వదిలేసి లేచాడు. నడవ మూలన పసుపు రాసిన ముంత ఒకటి, దాన్నిండా పచ్చటి వేపమండలు కనిపించాయి గానీ అతను పట్టించుకోలేదు. జాతర వచ్చిందంటే ఏ ఇంట్లో వేపాకు ఉండదు?

పనిచోట జయరావు అతన్ని పక్కకు పిలిచి మెల్లగానే చెప్పాడు. ఆవిడ బయటికి రాకపోతే ఆడపోలీసులను పిలిపించడం తప్పదట. పోనీ పని ఆపుదామా అంటే, తెరిచిన బంకమన్ను మనకోసం ఆగదు కదా అన్నాడు. పోలేరమ్మను పోలీసులు రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చే దృశ్యం మునిశేఖర్ కళ్ళముందు మెదిలింది.  పోలీసులొద్దు సార్, నేనే తీసుకొస్తా అని మాటిచ్చాడు. ఎట్లా తీసుకొస్తాడో అతనికే తెలియదు.

సందులో ఇళ్ళను కనిపెట్టి చూసే పని గ్రేసీది. శ్రీకాళహస్తి పిల్ల, మంచి చురుకు. ప్రతి ఇంటి గోడకూ అరచేతిలో పట్టేంత అద్దం బిళ్ళ ఒకటి బిగించింది. దూరాన ఒక మేడ మీద పెట్టిన యంత్రం ఆ అద్దాలన్నింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూనే ఉంటుంది. గోడ వెంట్రుకవాసి దిగినా సొరంగం వాకిట ఉన్న ఆఫీసులో కంప్యూటర్ చెప్పేస్తుంది. సందువాళ్ళు ఆ అద్దానికి కన్ను అని పేరు పెట్టుకున్నారు. అవి కాక, పాత బీటల మీద గాజు పట్టీలు అతికించి, అవి పగిలాయేమోనని రోజూ ఇంటింటికీ తిరిగి చూసుకునేది. పోలేరమ్మ ఆ పిల్లను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఈ కన్ను ఏం చేస్తుంది పాపా అని ఆరా తీసింది. గ్రేసీ తనకు తెలిసినంత సులువుగా చెప్పింది. ఇది ఇరవైనాలుగు గంటలూ చూస్తా ఉంటాది అవ్వా, పైన ఏమన్నా తేడా వస్తే కింద పనిచేసేవాళ్ళకు ముందే తెలుస్తాది, వాళ్ళు బయటికి వచ్చేస్తారు అంది. పోలేరమ్మ ఆ మాటను చాలాసేపు నెమరేసుకుంది. అంటే మా మునిని కాపాడేది ఇదేనా అని అడిగింది. అట్లే అనుకో అవ్వా అని నవ్వి వెళ్ళిపోయింది గ్రేసీ. నవ్వకుండా ఉంటే బాగుండేది.

శుక్రవారం వచ్చింది. సొరంగం పోలేరమ్మ ఇంటి ముందు వాకిలి కిందికి చేరింది. కోమలిని ముందే మండపానికి పంపి, సాయంత్రంలోగా అత్తను కూడా తీసుకొస్తానని జయరావు దగ్గర గడువు తీసుకుని, మునిశేఖర్ ఎడమ పక్క ముక్క తవ్వుతున్నాడు. బకెట్ పళ్ళు మన్నులోకి దిగుతుంటే నల్లటి బంక తునకలు తునకలుగా ఊడి పడుతోంది. ప్రతి తునకకూ అతని మనసు పైకే పోతోంది. అత్త ఈ పాటికి స్నానం చేసి ఉంటుంది, ఈ పాటికి వాకిట్లో ముగ్గేసి ఉంటుంది, ఆ ముగ్గు కిందే కదా నేనుండాది అనుకుంటున్నాడు. అప్పుడు వాకీటాకీ మోగింది. గ్రేసీ గొంతు ఆ పిల్లదిలా లేదు.

"పని ఆపండన్నా. పోలేరమ్మ అవ్వ ఇంటి కన్ను పక్కకు జరిగింది, కిందికి కూడా దిగింది. ఇప్పుడు అసలు కనపడనే లేదు."

కనపడలేదంటే ఏమిటి అర్థం? గోడే లేదనా?

మునిశేఖర్‌కు కాళ్ళు దూకి పరిగెత్తమన్నాయి. కానీ పరిగెత్తకూడదు. ఎదురుగా మన్ను నోరు తెరుచుకుని ఉంది. దాన్ని అట్లాగే వదిలిపోతే ఇంకా జరుగుతుంది, పైన మిగిలింది కూడా దిగుతుంది. అత్త అక్కడ ఉంటే అత్తను తన చేతులతో తానే కూల్చినవాడవుతాడు. తవ్విపోసిన మన్నునంతా బకెట్‌తో మళ్ళీ ముందుకు నెట్టి ఆ తెరిచిన మన్నుగోడకు ఆనించాడు. ఒత్తాడు. ఇంకా ఒత్తాడు. వెనక కుర్రవాళ్ళు గొట్టం తెచ్చి మిగిలిన మేరకు కాంక్రీటు చిమ్మారు. అది గట్టిపడి పట్టుకునేదాకా అతను బండి దిగలేదు. తల్లీ గంగమ్మా, నీకు దండం పెడతా, ఆ మనిషిని ఏమీ చేయొద్దు అని పైకే అంటున్నాడు. ఎవరు వింటున్నారో కూడా అతనికి పట్టలేదు. పట్టుకుంది అని కేక వినబడ్డాక దూకి పరిగెత్తాడు.

సొరంగం వాకిట్లో గ్రేసీ స్కూటర్ తీసి సిద్ధంగా ఉంది. వెనక ఎక్కాడు. ఊరంతా జాతరే. ఒళ్ళంతా బొగ్గుమసి పూసుకుని, మెడలో పూలదండలు, చేతుల్లో వేపమండలతో తోటి వేషగాళ్ళు వీధుల నిండా ఉన్నారు. తల నుంచి కాలిదాకా నల్లటి బంకమన్నుతో ఉన్న మునిశేఖర్‌ను చూసి, వీడెవడో మనకంటే బాగా వేషం కట్టినాడ్రోయ్ అని వాళ్ళు స్కూటర్‌కు అడ్డం వచ్చారు. జాతర మర్యాద ప్రకారం పచ్చి బూతులతో పలకరించి, దిగి ఆడమన్నారు. అతను చేతులు జోడించాడు.  ఆ మన్ను ముఖం మీద కన్నీళ్ళు కారిన చారలు చూసి ఒక పెద్దాయన అందరినీ పక్కకు నెట్టి దారి ఇచ్చాడు.

సందు తిరిగారు. ఇల్లు ఉంది! గోడ ఉంది, అరుగు ఉంది, పెంకుల కప్పు ఉంది. అరుగు మీద ముక్కాలిపీట, పీట మీద పోలేరమ్మ నిలబడి ఉంది. తలస్నానం చేసి, ఎర్రచీర కట్టుకుని, ఎడమచేత్తో పసుపు గిన్నె పట్టుకుని ఉంది. గోడకున్న కన్ను మీద అంగుళం మందాన పసుపు మెత్తి ఉంది. ఆ పసుపు నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. పక్కన వేపరెమ్మ చెక్కి ఉంది. బాగా అంటుకోవాలని ఆవిడ బొటనవేలితో గట్టిగా అదిమినట్టుంది, అద్దాన్ని పట్టుకున్న ఇనప బద్ద కాస్తా వంగి వేలాడుతోంది. మండపంలో ఉండాల్సిన కోమలి కింద నిలబడి హారతి పళ్ళెం అందిస్తోంది.

"వచ్చినారా? రండి రండి, హారతి తీసుకోండి," అంది పోలేరమ్మ. "శుక్రారం గదా, మన మునిని సూసుకునే దేవర, దానికి మాత్రం ఒక బొట్టన్నా పెట్టకపోతే ఎట్లా?"

గ్రేసీ స్కూటర్ స్టాండు వేయడం కూడా మరిచి అరుగు మీద కూలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ కలిపి చేసింది. కాసేపటికి గాజు పట్టీలన్నీ చూసి, ఒక్కటీ పగల్లేదని తేలాక, వాకీటాకీలో జయరావుకు చెప్పింది. ఇల్లు బాగానే ఉంది సార్, కన్నుకు పసుపు పూసినారు అంది.  అవతలినుంచి, పసుపా అని ఒక్క మాట వినబడింది.

మునిశేఖర్ నవ్వలేదు. అరుగు దగ్గరికి నడిచి, పీట మీద నిలబడ్డ అత్త కాళ్ళు రెండూ చుట్టుకుని, మోకాళ్ళకు తల ఆనించి బావురుమన్నాడు. పెళ్ళైన మగవాడు, లారీ అంత యంత్రాన్ని ఆడించేవాడు, పసిబిడ్డలా ఏడ్చాడు. ఎర్రచీరంతా బంకమన్ను అయింది.

"నా వల్ల కాదత్తా. నువ్వు పైన ఉంటే నాకు చెయ్యి ఆడదు. బకెట్ ఆనించినప్పుడల్లా నీ కాళ్ళకింద నేలను గీకినట్టుండాది. ఈ పని ఇడిసిపెట్టేస్తా. పలమనేరు పోయి పాల వ్యానే తోలుకుంటా."

పోలేరమ్మ పీట దిగింది. వాణ్ణి అట్లా చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. నోరు పెద్దదే గానీ ఆవిడకు ఆ క్షణాన తిట్టు ఒక్కటీ దొరకలేదు. వాడి చెయ్యి పట్టుకుని నడవలోకి తీసుకెళ్ళి, మూలనున్న ముంత ముందు కూర్చోబెట్టింది.

"నువ్వు మన్ను కింద ఉంటే నాకు మాత్రం కన్ను మూతపడతాదా మునీ? బస్సులో కూసున్నట్టే ఉంటాదని నాకు కతలు సెప్తివి. ఆ పొద్దు బండి అద్దం మీద మన్నుపెళ్ళ పడింది గదా. కోమలి సెప్పింది నాకు. ఆ దినమే మొక్కుకున్నా. ముంత పెడతానని, నువ్వు మన సందు దాటి అవతలికి పోయేదాకా ఈ మండ వాడనీనని. తల్లి లేని బిడ్డవని తెచ్చుకుంటి నాయనా. మన్నుకిచ్చుకునేదానికి తెచ్చుకోలే."

మునిశేఖర్ ముంత వైపు చూశాడు. రోజూ దాని పక్కనుంచే చెప్పులు వేసుకుని వెళ్ళాడు. అది తనకోసమని అతనికి తట్టనే లేదు. పైన ఉండొద్దని తను ఈవిడతో పోట్లాడుతుంటే, కింద తనకేమీ కాకూడదని ఈవిడ పైన కూర్చుని ఉంది.  ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని ఉండిపోయాడు.

కానీ చిక్కు అక్కడే ఉంది. ముంతను ఒకసారి పెట్టాక జాతరనాడు గుడికి ఎత్తుకుపోయేదాకా కదపకూడదు. ఎత్తితే మొక్కు చెడుతుంది. పూట పూటకూ నీళ్ళు పోయకపోతే మండ వాడుతుంది. వాడితే అంతకంటే కీడు లేదని పోలేరమ్మ నమ్మకం. నేనుంటా, మీరు పోండి అంది కోమలి. ఆ మాట పూర్తికాకముందే అత్త, అల్లుడు ఇద్దరూ ఒక్క గొంతుతో ఆమె మీద విరుచుకుపడ్డారు. పోనీ మొక్కు చెడితే చెడనీ అని మునిశేఖర్ అనబోయి, అత్త ముఖం చూసి ఆగిపోయాడు. ఆవిడ ముఖంలో మొండితనం లేదు. భయం ఉంది. ఆ భయంతో ఆవిడను మండపంలో కూర్చోబెడితే జాతర ముగిసేనాటికి మనిషి మిగలదు.

గడప అవతల, వంగిన బద్దను సరిచేసి, చున్నీ కొంగుతో అద్దం తుడుస్తున్న గ్రేసీ అంతా వింది. లోపలికి తొంగి చూసి, నేను పోస్తా అవ్వా అంది. పూట పూటకూ హెల్మెట్ పెట్టుకుని గాజు పట్టీలు చూడడానికి ఎట్లాగూ ఈ ఇంట్లోకి వస్తుంది. వచ్చినప్పుడు ఒక చెంబెడు నీళ్ళు పోయడానికి ఎంతసేపు పడుతుంది?

పోలేరమ్మ ఆ పిల్ల మెడలోని చిన్న సిలువ వైపు చూసింది. ఆవిడ వద్దంటుందని అందరూ అనుకున్నారు.

"నీకు తప్పు కాదా పాపా?"

"దప్పికైన చెట్టుకు నీళ్ళు పోస్తే తప్పని మా పాస్టరు యాడా సెప్పలేదవ్వా."

ఆ తర్వాత పోలేరమ్మ నియమాలు చెప్పడం మొదలుపెట్టింది. తలకు పోసుకుని రావాలి, చెప్పులు వాకిట్లోనే విడవాలి, నీళ్ళల్లో చిటికెడు పసుపు వేయాలి, ముంత తడి ఆరకూడదు. గ్రేసీ అన్నింటికీ తల ఊపింది. చెప్పులు కాదవ్వా, బూట్లు తియ్యకూడదు నాకు, కంపెనీ రూలు అంది. బూట్లు కడుక్కునన్నా రా అని పోలేరమ్మ ఒక మెట్టు దిగింది. నీళ్ళు పోసేటప్పుడు అమ్మ పేరు తలుచుకోవాలి అంది చివరికి. అక్కడ గ్రేసీ ఆగింది. 

"ఆ పేరు నేను పలకలేను అవ్వా. అబద్ధం ఆడినట్టుంటాది. మునిశేఖరన్న పేరు పలుకుతా. సాల్దా?"

పోలేరమ్మ కళ్ళు నిండిపోయాయి. ఆ పిల్ల గడ్డం పట్టుకుని, సాలు తల్లీ, నేను కూడా పలికేది ఆ పేరే అంది.

ఆవిడ ఆ సాయంత్రమే కల్యాణ మండపానికి వెళ్ళింది. వెళ్ళేముందు జయరావు చెవిలో రెండు మంచి జాతర మాటలు వేసే వెళ్ళింది. ఆయన తల వంచుకుని ఆశీర్వాదంలా తీసుకున్నాడు. ఈ ఊరి మర్యాద ఆయనకు మెల్లగా ఒంటబడుతోంది.

మర్నాటి నుంచి మునిశేఖర్ అత్త ఇంటి కిందుగా తవ్వాడు. ముందు వాకిలి కింద, తర్వాత నడవ కింద, తర్వాత వంటింటి కింద. ఎడమ పక్క, కుడి పక్క, నడుమ. బకెట్‌ను మన్నుకు ఆనించేటప్పుడు ఈసారి చెయ్యి ఆడింది. పైన ఖాళీ ఇల్లు ఉంది, ఖాళీ ఇల్లు దిగితే దిగనీ అనుకోగలిగాడు. అయినా దిగనివ్వకూడదని మరీ నెమ్మదిగా తవ్వాడు. పూటకోసారి వాకీటాకీలో గ్రేసీ గొంతు వినబడేది. పోలేరమ్మ అవ్వ ఇల్లు, గోరంత దిగింది, హద్దులోనే ఉంది అని చెప్పేది. ఆ తర్వాత మీట వదలకుండా కాసేపు ఆగేది. నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడేది. ఆ చప్పుడు మీద, మెల్లగా, మునిశేఖరన్న అని వినబడేది. కింద కాంక్రీటు చిమ్మే కుర్రవాళ్ళు ఆ మాట అయ్యేదాకా యంత్రాలు ఆపి నిలబడేవాళ్ళు. ఎవరూ ఎగతాళి చేయలేదు. అందరి ఇళ్ళల్లోనూ తమ పేరు చెప్పుకుని నీళ్ళు పోసేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు కదా.

వంటింటి కింద నడుమ ముక్క తవ్వి, అడుగున కూడా కాంక్రీటు వేసి, సొరంగాన్ని చేతిగాజులాగా గుండ్రంగా మూసేశాక, ఇక ఈ ఇంటికి భయం లేదన్నాడు జయరావు. మునిశేఖర్ చేతులు కూడా కడుక్కోకుండా మండపానికి వెళ్ళాడు. ఇంటి సంగతి చెప్పాలని అతని తొందర. వంటింటి గోడకు పాత బీట ఒకటి వెంట్రుకంత పెరిగింది, తలుపు గడియ కాస్త బిగుసుకుంది, అంతకుమించి ఏమీ కాలేదని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు.

పోలేరమ్మ మండపం గేటు దగ్గరే నిలబడి ఉంది. పొద్దుటినుంచీ అక్కడే నిలబడిందని, అన్నానికి పిలిచినా రాలేదని కోమలి చెప్పింది. మునిశేఖర్ ఆయాసపడుతూ వచ్చి, నవ్వుతూ మొదలుపెట్టాడు.

"అత్తా, ఇల్లు సల్లగా ఉండాది. వంటింటి గోడకు మాత్రం ఒక చిన్న..."

"ఇంటి సంగతి నేనడిగినానా?"

ఆవిడ రెండు చేతులూ చాచి వాడి తల పట్టుకుంది. తల నుంచి చెంపలు, చెంపల నుంచి భుజాలు, మోచేతులు, వేళ్ళు, వీపు, అన్నీ మన్నుతో సహా తడిమి తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు వాడి వీపు మీద ఒక్కటి చరిచి, గట్టిగా కావలించుకుని, సందులోని జనమంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.